విమానానికి గుడ్డ కుట్టాను

ఎగైలా అనే అరబ్బు ఊళ్లో నేను పనిచేసే ఇంట్లో మామా, అంటే ఇంటి యజమానురాలి నాయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆయన్ని చూసుకోవడమే నా పని, బాబా అని పిలిచేదాన్ని. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆయన చెక్కతో బొమ్మ విమానాలు చేసేవాడు. అన్నీ మొదటి ప్రపంచ యుద్ధం నాటివి, కిందొక రెక్క, పైనొక రెక్క. జబ్బు చేసేసరికి ఒకటి సగంలో ఆగిపోయింది. పుల్లల గూడులా బల్ల మీద పడి ఉండేది. డాక్టరు పిసకమన్న రబ్బరు బంతిని కూడా ఆయన ముట్టేవాడు కాదు.

ఒక పొద్దున నేను ఆయన చొక్కా చంక కుడుతుంటే చాలాసేపు చూసి, "కుట్టు ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు.

"మా కడపలోనే బాబా. ఇక్కడికి రాకముందు జాకెట్లు కుట్టేదాన్ని."

"అయితే ఆ రెక్క కుట్టు."

ఎగతాళి అనుకున్నా. కాదు. ఆ రోజుల్లో రెక్కలకు రేకు లేదంట, నారగుడ్డేనంట. పుల్లపుల్లకూ దారంతో కుట్టి, పైన వార్నిష్‌లాంటిది పూస్తే బిగుసుకునేదంట.

నేను కుట్టింది ముడతలు పడింది. "లా, లా! ఇట్లా కాదు, విప్పు" అన్నాడు. మూడుసార్లు విప్పించాడు. నాకు ఒళ్లు మండి, "ఒక పక్క మీరు లాగి పట్టుకోకపోతే ఇది బిగుస్తుందా?" అనేశాను. అన్నాక భయమేసింది. ఆయన ఎడమచేత్తో గుడ్డ లాగి, పడిపోయిన కుడిచేతిని బరువుగా దాని మీద పెట్టాడు.

అట్లా రోజూ మధ్యాహ్నం కూర్చునేవాళ్లం. ఆ విమానంలో ఇద్దరుండేవాళ్లని చెప్పాడు. ముందువాడు నడుపుతాడు, వెనకవాడు శత్రువు కోసం చూస్తుంటాడు. ఇంజన్ హోరులో మాట వినపడదు, భుజం తట్టి చెప్పుకోవాలి. ముందువాడికి గుండు తగిలితే వెనకవాడే వంగి, చెయ్యి చాపి విమానం దించిన సందర్భాలున్నాయంట.

"వెనకవాడికి నడపడం వచ్చా?"

"చాలామందికి రాదు. అయినా పట్టుకున్నారు."

ఆ మాటకు నా సూది ఆగిపోయింది. రోగిని చూసుకోవడం రాకుండానే కదా నేనూ ఈ ఇంట్లో అడుగుపెట్టింది.

విమానం పూర్తయిన రోజు మామా దాన్ని చూసి కళ్లు తుడుచుకుంది. బాబా మాత్రం వంక పెట్టాడు, ఎడమ రెక్కలో ఒక కుట్టు వంకరంట. ఇప్పుడు రోజూ బంతి పిసుకుతున్నాడు, వేళ్లు కొంచెం ముడుస్తున్నాడు. ఈసారి మూడు రెక్కలదానికి చెక్క తెప్పించాడు. "యల్లా, గుడ్డ కత్తిరించు" అని నన్ను తొందరపెడుతున్నాడు.