గెడ్డలో జీడి మూట

లాక్‌డౌన్ వేసవిలో నేను గుమాస్తాగా చేసే ప్రైవేటు కాలేజీ జీతాలు ఆపేసింది. మాకు బియ్యం కార్డు లేదు. అర్హత లేక కాదు, ఆ వరసలో మా ఇంటివాళ్ళెవరూ ఎన్నడూ నిలబడలేదు గనక. ఇంట్లో నేనూ, అక్కా. అక్క రాత్రిపూట తినడం మానేసి ఆకలి లేదంటోంది. అమ్ముకోగా మిగిలింది నాలుగు మామిడిచెట్లు. పళ్ళు అప్పటికే అయిపోయాయి. కరువు రోజుల్లో జనం టెంకల్లోని జీడితో అంబలి కాచుకునేవారని విన్నాం. ఎలా కాస్తారో ఎవరినీ అడగలేదు. అడిగితే, ఎందుకని అడుగుతారు.

టెంకలు పగలగొట్టి, జీడి ఒక రాత్రి నానబెట్టి పెరట్లో ఎండేశాం. పక్కింటావిడ గోడ మీంచి చూసింది. ఊళ్ళో ఏ పొయ్యి మీద ఏముందో ఆవిడకి తెలియకుండా ఉండదు.

“ఏటి బాబూ, జీడి ఎండేసినారు?”

గొడ్లకని చెప్పాను.

“గొడ్డేదీ మీకు?”

పెరటి తలుపు తోసుకుని వచ్చి ఒక ముక్క కొరికి ఉమ్మేసింది. ఈ వగరుతో తింటే కడుపు పట్టేస్తుందంది. మూట కట్టి, ఊరి పక్క పారే గెడ్డ నీటిలో మూడు రోజులు వేలాడదీయాలట. అంతవరకు తన ఇంట్లో చోడి అంబలి, రాగులది, ఉందంది. అక్కర్లేదన్నాను. ఇంత శ్రద్ధ ఊరికే పుట్టదు.

మూట నేనే కట్టాను, నాకు మాత్రమే తెలిసిన ముడి వేసి. రెండో రోజు వెళ్ళి చూస్తే ముడి మారింది. పక్కింటావిడే కొంత తీసుకుందన్నమాట. నిలదీశాను. లోపలి జీడికి నీరు తగలాలని విప్పి తిరగేశానని చెప్పింది. నమ్మలేదు.

నాలుగోనాడు మళ్ళీ ఎండేసి, దంచి, కాచడం మాకు రాదు గనక మా పొయ్యి మీదే ఆవిడ అంబలి కాచింది. అక్క గిన్నె అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

“ముందు నువ్వు తాగు,” అన్నాను ఆవిడతో.

నా కళ్ళలోకి చూస్తూ సగం గిన్నె తాగి, మూతి తుడుచుకుంది.

“కరువులో మా మామ్మ మీ ఇంటి కాడ గంజి తాగినాది బాబూ. మీ తాతని ముందు తాగమని అడగలేదు.”

అక్క తల వంచుకుని తాగింది. గిన్నె ఖాళీ చేసి, ఇంకొంచెం పొయ్యమంది.

ఆవిడ వెళుతుంటే గుమ్మం దాకా వెళ్ళి చూశాను, కుళాయి దగ్గర కూర్చున్న ఆడవాళ్ళ వైపు తిరుగుతుందేమోనని. నేరుగా తన ఇంటికే వెళ్ళింది. అయినా తలుపు గడియ వేశాకే నేను తాగాను.