చెరుకురసం మీద నా నమ్మకం

వడ్ల బస్తా ఎత్తబోయి సగంలోనే దించేసిన రోజు నాకు మొదటిసారి భయం వేసింది. అది 2005, వరికోతల కాలం. అప్పటికి నెలరోజులుగా ఆకలి లేదు. బడిలో పాఠం చెబుతూ రెండో పీరియడ్‌కే కుర్చీ వెతుక్కునేవాణ్ణి.

మాకు దగ్గరి పట్నం సిరోంచలో రక్తపరీక్ష చేసి లివర్ ఎంజైములు పెరిగాయన్నారు. గోదావరిని పడవలో దాటి, కాళేశ్వరంలో బస్సెక్కి వరంగల్ వెళ్లాను. అక్కడి డాక్టరు రిపోర్టులు చూసి, "క్రానిక్ హెపటైటిస్ సి సార్. లివర్‌లో ఈ వైరస్ చాన్నాళ్లుగా ఉన్నట్టుంది. ఒకే సూది నలుగురికి వాడేచోట ఇంజెక్షన్లు తీసుకున్నారా?" అని అడిగారు.

మా ఊరి ఆర్‌ఎంపీ గుర్తొచ్చాడు. ఆయన దగ్గర ఉన్నవి రెండే గాజు సిరంజీలు. జనం ఎక్కువైతే వేడినీళ్లలో ముంచి తీసేవాడు. "మంత్రం వద్దు, సూది వేయించుకోండి" అని ఊరూరా మూఢనమ్మకాల మీద సభలు పెట్టి వాదించినవాణ్ణి నేను. జనం జంకితే ముందు నా చేయి చాచేవాణ్ణి. ఆ సూదే కారణమని రుజువు చేయలేను. కాదనీ అనలేను.

ఇంట్లోవాళ్లకు మాత్రం అది కామెర్లే. మా వైపు కామెర్లకు రెండు మందులు: చేతిమీద వాత, కడుపులోకి చెరుకురసం.

"వాత పెట్టియ్యి అల్లుడా, మూడొద్దులల్ల తగ్గుతది" అంది మా అత్త.

"వాతకు వైరస్ చస్తదా అత్తా? అట్లయితే ముందుగాల నీ మోకాళ్లకు పెట్టించుకో."

"నోరైతే మంచిగనే పనిచేస్తది నీకు" అని మూతి తిప్పుకుంది.

చెరుకురసాన్ని మాత్రం నేను ప్రశ్నించలేదు. అది తాయెత్తు కాదు, ఆహారమే కదా అనుకున్నాను. నా భార్య లక్ష్మి "లివర్ సల్లవడ్తది, తాగుండ్రి" అంటూ పూటకో గ్లాసు ఇచ్చేది. మధ్యలో గ్లూకోజు నీళ్లు. రెండు నెలలు భక్తిగా తాగాను.

వైరస్‌ను తగ్గించే ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టేముందు మళ్లీ పరీక్షలు చేశారు. ఫాస్టింగ్ షుగర్ 118 వచ్చింది. "ఇది ఇంకా డయాబెటిస్ కాదు, ప్రీడయాబెటిస్" అన్నారు డాక్టరు. నేను బక్కమనిషిని, మా వంశంలో ఎవరికీ షుగర్ లేదు. ఆ మాటే అన్నాను.

"ఈ వైరస్ ఉన్నవాళ్లలో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం చూస్తుంటాం. సన్నగా ఉన్నా రావచ్చు. అది ముదిరితే లివర్‌కూ చెరుపే, ఇంటర్‌ఫెరాన్ ఫలితమూ తగ్గొచ్చు. షుగర్ దించుకొని రండి, అప్పుడు మొదలుపెడదాం. ఏం తింటున్నారు?"

చెప్పాను. ఆయన రాస్తున్న పెన్ను ఆపేశారు. "చెరుకురసంతో ఈ జబ్బు తగ్గుతుందని మీకెవరు చెప్పారు?"

సభల్లో ఎదుటివాణ్ణి నేను మొదట అడిగే ప్రశ్న అదే. జబ్బు తెచ్చింది రసం కాదు గానీ, వైరస్ మోపిన బరువు మీద ఇంకో బరువు పెట్టింది నేనే.

ఇంటికొచ్చి సంగతి చెబితే అత్త ఊరుకుంటుందా! "వాత వద్దంటివి, రసం తాగితివి. ఇగ ఏది నమ్మాల్నో నువ్వే చెప్పు పంతులూ."

"రెండూ వద్దత్తా" అన్నాను. లక్ష్మి రసం గ్లాసును కడిగి అటక మీద పెట్టేసింది.

మూడు నెలలు అన్నం తగ్గించి జొన్నరొట్టె తిన్నాను, తెల్లారి నడిచాను. షుగర్ 104కు దిగాక చికిత్స మొదలైంది. వారానికో ఇంజెక్షన్. మందు చెడకుండా ఐసు నింపిన ఫ్లాస్కును ఒళ్లో పెట్టుకొని పడవలో గోదావరి దాటేవాణ్ణి. చలిజ్వరం, రాలే జుట్టు, పిల్లలమీద కారణంలేని కోపం. ఇరవైనాలుగు వారాలకు వైరస్ నెగెటివ్ వచ్చింది. ఆరు నెలలకు మళ్లీ కనిపించింది. "రిలాప్స్, జబ్బు తిరగబెట్టింది" అన్నారు డాక్టరు.

ఇప్పుడు 2009. వైరస్ నాలోనే ఉంది. ఆరునెలలకోసారి లివర్, మూడునెలలకోసారి షుగర్ చూపించుకుంటున్నాను. షుగర్ ఇంకా డయాబెటిస్ హద్దు దాటలేదు.

రక్తపరీక్ష చేయించుకోమని చెప్పడానికి, నాతోపాటు సూది వేయించుకున్న వాళ్ల ఇళ్లకు వెళ్తున్నాను. మంత్రగాడి దగ్గరికి పోనివ్వకుండా నేను వెంటబెట్టుకెళ్లిన పోశక్క నన్ను కడిగేసింది: "అప్పుడు నీ మాట ఇనే సూది ఏపిచ్చుకుంటి. మల్ల గిప్పుడు పరీక్షకు గూడ నీ మాటే ఇనాల్నా?"

"నా మాట ఇనకు పోశక్కా. కాగితంల ఏమొస్తదో అది ఇను."

ఆమె ఇంకా రాలేదు. రేపు మళ్లీ వెళ్తాను.

మీకు హెపటైటిస్ సి ఉందని తేలితే, డాక్టరు చెప్పేదాకా ఆగకండి. లివర్‌తోపాటు ఫాస్టింగ్ షుగర్ కూడా చూడమని మీరే అడగండి.