లెస్లీ ఊరికే ఇచ్చిన పుస్తకాలు

ఇంగ్లండులోని కీత్లీ బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన లెస్లీ బూత్రాయిడ్‌కి కోపం తొందరగా రాదు. వస్తే మాత్రం తొందరగా పోదు. మొన్న వసంతంలో వచ్చినది ఇంకా తగ్గలేదని భార్య మేవిస్ అంటుంది.

అసలు ఈ వ్యవహారమంతా ఇనుప ముక్కల్ని తిప్పి చెక్కే ఒక పాత లేత్ మెషిన్‌తో మొదలైంది. మూతపడిన ఉన్ని మిల్లులోంచి దాన్ని తెచ్చుకుని లెస్లీ పెరటి షెడ్డులో పెట్టుకున్నాడు. చిన్న చిన్న ఆవిరి ఇంజన్లు తయారుచేసి, వాటిని తనలాంటి సరదా ఉన్నవాళ్ల క్లబ్బు వేసుకున్న బుల్లి పట్టాల మీద నడపాలని అతని సరదా. మెషిన్ వచ్చింది గానీ దాన్ని వాడే తీరు చెప్పే మాన్యువల్ రాలేదు. ఊహ మీద ఏదో పిడి తిప్పితే లోపల గేరు పళ్లు విరిగి రాలాయి. అప్పుడు ఇంటర్నెట్‌లో సాయం అడిగితే, నార్వే నుంచి టొరున్ అనే ఆవిడ, ముక్కూమొహం తెలియని మనిషి, తన దగ్గరున్న మాన్యువల్ మొత్తం కాపీ తీసి పోస్టులో పంపింది. ఎంత ఇవ్వమంటారని అడిగితే, మీ దగ్గరేమైనా ఉంటే ఇంకొకరికి పంపండి, చాలు అంది.

ఆ మాట లెస్లీకి బాగా పట్టేసింది. అప్పటినుంచీ పాత మెషిన్ల మాన్యువళ్లు ఎక్కడ కనబడితే అక్కడ సేకరించి, స్కాన్ చేసి, ఎవరైనా ఊరికే తీసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టసాగాడు. నూనె మరకలతో ముడుతలు పడ్డ కాగితాలను మేవిస్ గుడ్డల మధ్య పెట్టి ఇస్త్రీ చేసి ఇచ్చేది. చొక్కాలకైనా ఇంత సేవ చేయలేదని సణుగుతూనే చేసేది.

ఒక్క మాన్యువల్ మాత్రం ఎంతకీ దొరకలేదు. బ్రాకెన్‌రాయ్డ్ అనే కంపెనీ చేసిన, గేర్లు కోసే మెషిన్‌ది. అది ఉన్నది క్లబ్బులోని గోర్డన్ దగ్గరే. ఇద్దరూ చిన్నప్పటి స్నేహితులు. అయినా గోర్డన్ పుస్తకం గడప దాటనిచ్చేవాడు కాదు.

"అందరి దగ్గరా ఉంటే ఇంక నాదాని గొప్పేముందిరా?" అనేవాడు నవ్వుతూ.

చివరికి గోర్డన్ ఇంజన్ బాయిలర్ కారడం మొదలైంది. లెస్లీ దాన్ని బాగుచేసి పెట్టాక మొహమాటానికి ఒప్పుకున్నాడు. అదీ తన ఇంట్లోనే, తన కళ్ల ముందే. లెస్లీ స్కానర్ మోసుకెళ్లాడు. గోర్డన్ పేజీలు కూడా తనే తిప్పాడు. లెస్లీని ముట్టుకోనివ్వలేదు. అందుకే ప్రతి పేజీ అంచునా సుత్తి దెబ్బకు నల్లబడ్డ అతని బొటనవేలి గోరు కూడా స్కాన్‌లో పడింది. మధ్యలో ఉన్న పెద్ద మడత కాగితం, గేర్ల పట్టిక, స్కానర్‌లో పట్టలేదు. దాన్ని ముక్కలుగా తీసి తర్వాత అతికించి పెడదామని, మిగతా పుస్తకం లెస్లీ ముందుగా ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. ఎక్కడెక్కడి వాళ్లో కృతజ్ఞతలు రాశారు. అవన్నీ గోర్డన్‌కి చదివి వినిపిస్తే అతనూ కాస్త మెత్తబడ్డాడు.

కొద్ది వారాలకే గోర్డన్ క్లబ్బులో అందరి ముందూ లెస్లీని నిలదీశాడు. చేతిలో ఫోన్ ఉంది. అందులో అదే మాన్యువల్, అదే నల్ల గోరుతో, అమ్మకానికి ఉంది. మీద హక్కులన్నీ మావేనని అడ్డంగా ముద్ర.

"నా బొటనవేలు ఎంతకి అమ్ముకున్నావురా?" అన్నాడు గోర్డన్.

లెస్లీ ఆ ఫోన్ లాక్కుని చూశాడు. తను కాదని, ఎవడో దొంగ తీసుకుని అమ్ముతున్నాడని చెప్పుకునేసరికి టీ చల్లారిపోయింది. గోర్డన్ నమ్మాడో లేదో తెలియదు, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ అమ్మకాల సైటుకి లెస్లీ ఫిర్యాదు పంపాడు. యంత్రం రాసిన జవాబు వచ్చింది. మళ్లీ పంపాడు. మళ్లీ అదే జవాబు. ఈలోగా అమ్మేవాడే, ఆ పుస్తకాలన్నీ తనవని, లెస్లీ వాటిని పెట్టిన కంపెనీకి ఎదురు ఫిర్యాదు చేశాడు. దాంతో లెస్లీ పెట్టిన పుస్తకాలన్నీ, ఇన్నేళ్లవీ, ఒక్క పొద్దున మాయమయ్యాయి. అవి దాచే కంపెనీకి ఫోన్ చేస్తే, చాలాసేపు పాటలు వినిపించాక ఒక అమ్మాయి మాట్లాడింది.

"ఈ పుస్తకాల హక్కులు మీవేనా సార్?"

"నావి కావమ్మా. ఆ కంపెనీలు మూతపడి ఎంత కాలమైందో. హక్కులు ఎవరివో ఎవరికీ తెలీదు."

"మీవి కానప్పుడు మేం తిరిగి పెట్టలేం సార్."

"వాడివీ కావు కదా?"

"తనవేనని ఆయన రాసిచ్చారు సార్."

"అంటే నేనూ అబద్ధం రాసిస్తే సరిపోయేదన్నమాట."

ఆ విషయం తను చెప్పలేనని, ఇంకేమైనా సాయం కావాలా అని ఆ అమ్మాయి మర్యాదగా అడిగింది. లెస్లీ ఫోన్ పెట్టేసి షెడ్డులోకి వెళ్లాడు. భోజనానికి పిలిచినా రాలేదు.

పుస్తకాల కాపీలు ఇంట్లో భద్రంగానే ఉన్నాయి. పోయింది వాటిని పంచే చోటు. విషయం తెలిసి టొరున్ తన వెబ్‌సైట్‌లో చోటిచ్చింది. మొదటినుంచీ మళ్లీ ఒక్కొక్కటీ ఎక్కించాల్సి వచ్చింది. గోర్డన్ క్షమాపణ అడగలేదు గానీ ఒకరోజు బ్రాకెన్‌రాయ్డ్ మాన్యువల్ సంచిలో వేసుకుని వచ్చి బల్ల మీద పడేశాడు.

"ఈసారి సరిగ్గా తియ్యి. నా వేలు పడకుండా," అన్నాడు. ఆ పుస్తకం గడప దాటడం అదే మొదలు.

గేర్ల పట్టిక అతికించడం అప్పటికి పూర్తయింది. ఆ వారంలోనే స్టాఫర్డ్ నుంచి కెన్ అనే పెద్దమనిషి ఫోన్ చేశాడు. బ్రాకెన్‌రాయ్డ్ మాన్యువల్ కొన్నాడట, అందులో పట్టిక లేదట, అది లేకపోతే ఒక్క గేరూ కోయలేడట. లెస్లీ నంబరు క్లబ్బు వాళ్లిచ్చారట.

"అమ్మినవాణ్ణి అడగండి. నన్నెందుకు అడుగుతారు?" అన్నాడు లెస్లీ.

"అడిగానండీ. పలకడం లేదు," అన్నాడు కెన్ చిన్న గొంతుతో.

లెస్లీ ఠక్కున ఫోన్ పెట్టేశాడు. గదిలో అటూ ఇటూ తిరిగాడు. చివరికి తిట్టుకుంటూనే ఆ నంబరుకే పట్టిక పంపాడు, టొరున్ సైటులోనూ పెట్టాడు. కెన్ ఎంతో సంతోషించాడు. ఆ సంతోషం లెస్లీకి రవంతైనా అంటలేదు. పైగా కొన్నాళ్లకే ఆ అమ్మకం ప్రకటన మారింది. ఇప్పుడు గేర్ల పట్టికతో సహా దొరుకుతుందట, ధర కూడా పెంచారు. టొరున్ దగ్గర పెట్టినదాన్ని కూడా వాడు ఎత్తుకెళ్లాడు.

"పెట్టడం మానెయ్ మరి," అంది మేవిస్.

"మానేస్తే కెన్‌కి ఎవరిస్తారు? ఆ దొంగవెధవా?" అని ఆమె మీద అరిచాడు. ఆమె ఏం చేసిందని. మేవిస్ తలుపు వేసుకుని వెళ్లిపోయింది.

లెస్లీ స్కానర్ మూత ఎత్తి కొత్త పుస్తకం పెట్టాడు. మొదటి పేజీ వంకరగా పడింది. మళ్లీ తీశాడు.