వొలుచుకునే పళ్లు

గుడివాడ చుట్టుపక్కల పల్లెల్లో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి, తొంభైలలో రిటైరయ్యి, బందరులో చిన్న ఇల్లు కొనుక్కున్నాను. అప్పటికే మావారు పోయారు. పిల్లలు లేరు. నా నోటికి జడిసి బంధువులు ఆట్టే వచ్చేవారు కాదు. గోడకి అవతలి ఇంట్లో ఒక నర్సుగారు ఉండేవారు. ఆవిడా రిటైరైనావిడే, అవనిగడ్డ దగ్గర పల్లెటూరు ఆవిడది. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం తెల్లచీర కట్టుకుని, బైబిలు పట్టుకుని చర్చికి వెళ్లేవారు.

నాకు బీపీ ఉందని తెలిసినప్పటి నుంచి ప్రతి సోమవారం పొద్దున్నే మిషను సంచిలో పెట్టుకుని వచ్చేవారు. చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి చూసి, "ఆవకాయ తిన్నారు గదండీ" అనేవారు. నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఆవిడ నవ్వి, మరో అరగంట కూర్చునేవారు. వారం మొత్తంలో నేను మనసారా మాట్లాడేది ఆ అరగంటే.

ఏది వండినా గోడ మీంచి ఒక గిన్నె అందించేవారు. చింతచిగురు రొయ్యలు, కొబ్బరన్నం, క్రిస్మస్‌కి కేకు. రెండు చేతులా అందుకునేదాన్ని. తినేదాన్ని కాదు. మాది భూములున్న రైతు కుటుంబం. ఆవిడ తన ఊళ్లో ఏ వైపు పుట్టారో మా ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. మనుషులంతా ఒకటేనని పిల్లల చేత పలకల మీద రాయించినదాన్నే, ఆ గిన్నె చేతిలోకి వచ్చేసరికి మా నాయనమ్మలా అయిపోయేదాన్ని. రొయ్యలు తిననని తప్పించుకోవడానికీ లేదు, వారానికోసారి నా వంటింట్లో నేనే వండుకునేదాన్ని.

ఆ గిన్నె పెరటి గుమ్మంలో పనిమనిషి చేతికి ఇచ్చేసేదాన్ని. తోమించాక, ఖాళీగా పంపకూడదని నాలుగు నిమ్మకాయలు వేసి తిరిగిచ్చేదాన్ని. "ఎంత బాగుందండీ" అని మెచ్చుకోవడం మాత్రం మానలేదు. అబద్ధమాడుతున్నానని అప్పుడు అనిపించలేదు. మర్యాద అనుకున్నాను.

ఒకసారి రొయ్యల కూర ఇచ్చిన మర్నాడు ఆవిడే గోడ దగ్గరికొచ్చారు.

"కూర ఎలా ఉందండీ?"

"ఉప్పూ కారం సరిగ్గా సరిపోయాయండీ."

ఆవిడ కాసేపు నా మొహంలోకి చూశారు. "సంతోషమండీ" అని లోపలికి వెళ్లిపోయారు.

ఆ తర్వాత గిన్నెలు రాలేదు. వాటి బదులు అరటిపళ్లు, బత్తాయిలు, సీతాఫలాలు వచ్చేవి. వయసు మీద పడి వంట తగ్గించుకున్నారేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు హాయిగానే ఉంది.

మరుసటి ఏడు నాకు కామెర్లు వచ్చి పది రోజులు మంచం దిగలేదు. ఆవిడ రెండు పూటలా వచ్చి ఒళ్లు తుడిచేవారు, చీర మార్చేవారు. బొండాల బండిని గుమ్మం దాకా పిలిచి, నా కళ్లెదుటే కొట్టించేవారు. బత్తాయి మాత్రం కడిగి నా చేతిలో పెట్టి, "మీరే వొలుచుకోండి" అనేవారు. వేళ్లలో సత్తువ లేక ఆ తొక్కని గీకుతూ ఉంటే నాకు ఒళ్లు మండేది. నర్సు పని చేసినావిడ రోగికి ఒక కాయ వొలిచి పెట్టలేరా అని పనిమనిషి దగ్గర విసుక్కున్నాను కూడా. తను గిన్నెలు తోముకుంటూ ఉండిపోయింది.

మోకాళ్లు పట్టేశాక నర్సుగారు ఇల్లు ఖాళీ చేసి, తన ఊళ్లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. సోమవారాలు బోసిపోయాయి. అలాంటి ఒక సోమవారం, ఏమీ తోచక, పనిమనిషి దగ్గర మళ్లీ ఆ బత్తాయిల సంగతి ఎత్తాను. ఈసారి తను ఊరుకోలేదు.

"ఆవిడ చెయ్యి పడితే మీరు తినరనే వొలవలేదండీ. ఆవిడకి తెలుసు."

"ఎలా తెలుసు?"

"నేను రెండిళ్లలోనూ చేసేదాన్ని గదండీ. ఆ రోజు రొయ్యల్లో అసలు ఉప్పే లేదు. తెల్లారగానే వెళ్లి, ఉప్పు మర్చిపోయారేంటమ్మా అని అడిగేశాను. మీరు తినలేదని బయటపడిపోతుందని నాకు తట్టలేదండీ."

నాకు తల కొట్టేసినట్టయింది. అంతా తెలిసే ఆవిడ గోడ దగ్గరికి వచ్చి అడిగారు. నిజం చెప్పుకోవడానికి నాకో అవకాశం ఇచ్చారేమో. నేను ఉప్పు మెచ్చుకున్నాను. ఒళ్లు తుడవడానికి ఆ చెయ్యి పనికొచ్చింది, తొనలు వొలవడానికి పనికిరాకుండా పోయింది. ఆ పది రోజుల్లో ఆవిడే వొలిచి నా నోట్లో పెట్టి ఉంటే తినేదాన్నే. ఆ సంగతి ఆవిడకి తెలిసేలా నేను ఎప్పుడైనా ఉంటే కదా.

ఆ శుక్రవారమే బస్సెక్కాను. పొద్దుట టిఫిను మానేశాను. చల్లపల్లి దాటి పులిగడ్డ వంతెన వచ్చేదాకా ఒకటే మాట లోలోపల అనుకుంటూ ఉన్నాను: ఈ పూట మీ ఇంట్లో అన్నం తింటానండీ.

చేరేసరికి పన్నెండున్నర. వంటింట్లోంచి పులుసు వాసన వస్తోంది. ఆవిడ వసారాలో మంచం మీద ఉన్నారు, సగానికి సగమైపోయారు. నన్ను చూసి మొహం చాటంత చేసుకుని చెల్లెల్ని పిలిచారు.

"పంతులమ్మగారు వచ్చారే. అరటిపళ్లు కడిగి తీసుకురా, బొండం కొట్టించు. ఆవిడ బయట అన్నం తినరు, బలవంతపెట్టకు."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. చెల్లెలి ముందు నా పరువు కాపాడుతున్నారు. అన్నం అడగాలంటే ముందు అన్నేళ్ల అబద్ధం ఒప్పుకోవాలి. కడుపులో ఆకలి నకనకలాడుతుంటే అరటిపండు వొలుచుకుని తిన్నాను. "బీపీ చూపించుకుంటున్నారా?" అని అడిగారు. చూపించుకుంటున్నానన్నాను. అదీ అబద్ధమే.

ఈసారి వచ్చినప్పుడు చెప్తానని సర్దిచెప్పుకుని తిరిగొచ్చాను. వానలు మొదలయ్యాక, అక్క పోయిందని చెల్లెలు కార్డు రాసింది.

జ్ఞాపకార్థ కూడికకు వెళ్లాను. ప్రార్థన అయ్యాక పందిట్లో అందరితో పాటు భోజనానికి కూర్చున్నాను. చెల్లెలు వడ్డిస్తూ నా విస్తరి దగ్గర ఆగి, "మీరు తింటారాండీ?" అని సందేహంగా అడిగింది. తింటానన్నాను. అన్నం పెట్టి, రొయ్యల కూర వేసింది. మారు కూడా అడిగి వేయించుకున్నాను.

ఉప్పు సరిగ్గానే సరిపోయింది. ఈసారి తినే చెప్తున్నాను. ఎలా ఉందండీ అని అడగడానికి ఆవిడ లేరు.