ఇంజన్ చల్లారాలి, కోడిపిల్లలు చల్లారకూడదు: జహీరాబాద్‌లో ఒక పూట

ఎనభైల మొదట్లో మా సుశీలక్క న్యాల్‌కల్ అవతల తన అత్తగారి పల్లెలో కోళ్ల షెడ్డు వేసింది. బావకు మొదటి నుంచీ ఇష్టం లేదు. జొన్నా కందీ తప్ప ఇంకేదీ పంట కాదని ఆయన నమ్మకం. అయినా అక్క పట్టు విడవలేదు. హైదరాబాద్ నుంచి కోడిపిల్లల్ని తెచ్చే పని నా నెత్తిన పెట్టింది, ఎందుకంటే అప్పట్లో నేను పటాన్‌చెరు దగ్గర కూరగాయలు మోసే పెట్రోల్ పికప్ నడిపేవాణ్ణి. నా తెలివి తెల్లారినట్టే ఉండేది. మొదటిసారి వాన పడుతోందని బండి వెనక పెట్టెల మీద తాడిపత్రి, అదే టార్పాలిన్ పట్టా, బిగించి కట్టాను. దారిలో కిచకిచలు ఆగిపోతే బుద్ధిగా నిద్రపోయాయని మురిసిపోయాను. షెడ్డు ముందు తాళ్లు విప్పేసరికి దాదాపు అన్నీ ఊపిరాడక చచ్చినవే. మూడొందల్లో నలభై కూడా మిగల్లేదు.

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. బావ మాత్రం అన్నాడు, అదీ నన్ను కాదు, అక్కని. "ఇంకొక్కపారి తెచ్చుకో. గవి గూడ సస్తే షెడ్డుల ఎడ్లను కడ్త. మల్ల కోళ్ల ముచ్చట ఎత్తొద్దు." ఆయన అరవలేదు, మామూలుగానే చెప్పాడు. అందుకే ఆ మాట నిజమని అందరికీ అర్థమైంది.

ఆ రెండో విడత కోసం చేసిన ప్రయాణం ఇది. జనవరి. ఆకాశమంతా మబ్బు, ఎముకలు కొరికే గాలి. ఉదయం ఏడింటికి హైదరాబాద్ శివార్లలోని హేచరీలో మూడు అట్టపెట్టెలు ఎక్కించుకున్నాను. పెట్టెకు వంద పిల్లలు, చుట్టూ రూపాయి బిళ్లంత కన్నాలు. ఈసారి ఒక్క పెట్టె కూడా వెనక పెట్టలేదు. రెండు సీటు మీద, ఒకటి ఇంజన్ గోడకు ఆనించి కింద. ఆ పాత బండ్లలో ఇంజన్ వేడి క్యాబిన్‌లోకి బాగా వచ్చేది, వేసవిలో మాడి చచ్చేవాళ్లం. ఆ రోజు అదే వరమైంది. ఆగిన ప్రతిచోటా కింది పెట్టె పైకి, పై పెట్టె కిందికి మార్చుకుంటూ వెళ్లాను. పటాన్‌చెరు, సంగారెడ్డి చౌరస్తా, సదాశివపేట మీదుగా జహీరాబాద్‌కు అప్పుడు మూడు గంటలు పైనే పట్టేది. ఇప్పటి వెడల్పు రోడ్డు మీద పోయేవాళ్లకు ఆ గుంతల సంగతి చెప్పినా నమ్మరు. పెట్రోలు లీటరు ఏడు రూపాయలకు కాస్త అటూ ఇటూ, బండి లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు ఇచ్చేది.

ఇంజన్ గురించి ఒక మాట ముందే చెప్పాలి. నెల రోజులుగా పొద్దున్నే స్టార్ట్ చేయగానే ముందు భాగంలో గరగరమని చప్పుడు వచ్చేది. పది లెక్కపెట్టేలోగా పోయేది. లేవగానే గొంతు సవరించుకుంటోంది కాబోలని నేను వదిలేశాను. ఆ రోజు జహీరాబాద్ బస్టాండు దాటాక చాయ్ కోసం ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తే ఆ గరగర వచ్చింది కానీ పోలేదు. పది కాదు, వంద లెక్కపెట్టినా పోలేదు. రేకు డబ్బాలో గొలుసు వేసి ఊపినట్టు ఒకటే మోత. నా పై ప్రాణాలు పైనే పోయాయి. టైము పదిన్నర.

ఎదురుగా రేకుల షెడ్డులోంచి ఒకాయన పిలవకుండానే లేచి వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, పళ్ల మధ్య అగ్గిపుల్ల. ఆయన పేరు గఫూర్ అని, ఊరంతా ఉస్తాద్ అంటారని తర్వాత తెలిసింది. బానెట్ ఎత్తాడు కానీ దేన్నీ ముట్టుకోలేదు. తల వంచి కాసేపు విన్నాడు.

"ఎన్ని దినాలాయె ఈ ఆవాజ్?"

"నెల అయితుండొచ్చు. పొద్దున జరసేపు ఉంటది, తర్వాత పోతది."

"పోతది అని ఖుషీ అయినవ్."

"అయిన."

"శానమంది గట్లనే అయితరు," అన్నాడు ఉస్తాద్, తిట్టినట్టు కాకుండా.

ముందు ఫ్యాన్ బెల్టు విప్పేసి ఇంజన్‌ను అర నిమిషం నడిపించాడు. బెల్టు లేకపోతే నీళ్ల పంపు, డైనమో తిరగవు. చప్పుడు ఆగితే తప్పు వాటిది. ఆగలేదు. తర్వాత ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, మొనను ఇంజన్ ముందున్న మూత మీద ఆనించి, కర్రపిడిని చెవికి పెట్టుకున్నాడు. నన్నూ వినమన్నాడు. నేను చెవి పెట్టగానే ఉలిక్కిపడ్డాను. లోపల ఎవరో పళ్లు కొరుకుతున్నట్టే ఉంది.

"టైమింగ్ చైన్, లోపట రెండు చక్రాలను కలిపే గొలుసు, లూజ్ ఉన్నట్టున్నది," అన్నాడు. "అయినా గరం ఇంజన్ మాట నేను నమ్మ. పూర థండ అయినంక ఒక్కపారి స్టార్ట్ చేసి వింట. విప్పాలన్నా థండ కావాల్సిందే, రేడియేటర్ కిందికి దింపాలె."

"ఎంతసేపు?"

"చల్లారనీకి గంటన్నర. పనికి మూడు గంటలు."

అప్పుడు క్యాబిన్ తలుపు తీసి చూపించాను. ఇంజన్ ఆగి పావుగంట కాలేదు, పిల్లలు అప్పుడే గోల మొదలుపెట్టాయి. ఉస్తాద్ పెట్టెల వైపు చూశాడు, ఇంజన్ వైపు చూశాడు, నవ్వాడు. "వారెవా. నాకేమో ఇంజన్ థండ కావాలె, నీకేమో పిల్లలు గరం ఉండాలె."

నాకు నవ్వు రాలేదు. ఇంకో బండి మాట్లాడదామంటే స్టాండులో ఉన్న ఒకే ఒక జీపు పెళ్లివాళ్లను తీసుకుని బీదర్ పోయింది. అక్క ఊరికి బస్సు సాయంత్రం ఒకటే, దాని కిటికీలకు అద్దాలు లేవు. అలాగే గరగరలాడించుకుంటూ పోతే ఎలా ఉంటుందని అడిగాను. "పోవచ్చు," అన్నాడు. "చైన్ తెగితే ఎక్కడ తెగుతదో నాకు తెల్వదు, నీకు తెల్వదు. గక్కడ పొయ్యి దొరుకుతదా?"

పొయ్యి అనగానే ఇద్దరం పక్కకు చూశాం. షెడ్డు పక్కనే మొగులమ్మ హోటల్ ఉంది. హోటల్ అంటే తడికెల పాక, రెండు బల్లలు, లారీ డ్రైవర్లకు జొన్నరొట్టెలు కాల్చే కట్టెల పొయ్యి. నేను అడగకముందే మొగులమ్మ పిండి చేతులు దులుపుకుని వచ్చి, ఒక పెట్టె కన్నంలో వేలు పెట్టింది.

"కాళ్లు మంచు లెక్క ఉన్నయి తమ్మీ. సలికి ఒర్లుతున్నయి ఇవి. తీస్కరా లోపటికి."

మూడు పెట్టెలూ పొయ్యికి రెండు బారల దూరంలో పెట్టించింది. తర్వాత గోనెసంచులు తెచ్చింది. వాటిని చూడగానే నాకు తాడిపత్రి గుర్తొచ్చింది. "కప్పకు పెద్దమ్మా, మొన్న గిట్లనే కప్పి అన్నిటినీ చంపుకున్న," అన్నాను.

ఆమె సంచి కొసను తడికెకు ముడేసింది. "నేను కప్పుతున్ననా? గాలొచ్చే దిక్కుకు అడ్డం కడ్తున్న. కోడి రెక్కలు సాపితే సందులుండవా మరి."

"ఎచ్చగైనయని ఎట్ల తెలుస్తది?"

"ఒర్లుడు బంద్ అయితది. మనిషి లెక్కనే, ఎచ్చగుంటే పండుకుంటయి."

ఆ మాట విన్నాక నాకు ధైర్యం రావాలి, కానీ భయమే పట్టుకుంది. మొదటిసారీ అవి అరుపు మానేశాయి మరి. గంటన్నరలో పదిసార్లు పాకలోకీ షెడ్డులోకీ తిరిగాను, కాలుగాలిన పిల్లిలాగా. ఈ మధ్యలో రెండు జొన్నరొట్టెలు, పప్పు, పచ్చిమిర్చి తొక్కు తిన్నాను, మూడు రూపాయలు. ఆ తొక్కు ఘాటు నాకు ఇప్పటికీ గుర్తుంది.

పన్నెండున్నరకు ఉస్తాద్ ఇంజన్ మీద అరచెయ్యి పెట్టి చూసి, స్టార్ట్ చేయమన్నాడు. మొదటి క్షణంలోనే లోపలి నుంచి ధనధనమని కొట్టింది. ఆపేయమని చెయ్యి ఊపాడు. "ఇప్పుడు నిజం చెప్పింది." తర్వాత చేసిన పరీక్ష నాకు అన్నిటికంటే నచ్చింది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల పై చక్రంతో పాటు తిరిగే ముల్లు మీద నన్ను కన్ను వేసి ఉంచమన్నాడు. తను ముందు నిలబడి హ్యాండిల్‌తో ఇంజన్‌ను కొద్దికొద్దిగా ఇటూ అటూ తిప్పాడు.

"కదిలిందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"ఇంకా లేదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు కదిలింది."

"కింద చక్రం తిరిగినంక పైన చక్రానికి కబురు ఎంత ఆలస్యంగ పోయిందో చూసినవా? మధ్యల గొలుసు సాగింది. గంతే."

రేడియేటర్ దించి, ముందు మూత విప్పాక కథంతా కనబడింది. చైన్ పాత నులకమంచంలా జారి ఉంది. దాన్ని బిగువుగా పట్టి ఉంచాల్సిన రబ్బరు దిండు అరిగి రేకుగా మారింది. ఊగుతున్న చైన్ మూత లోపలి వైపు వేలు పట్టేంత గాడి కోసింది. ఆ గాడిలో వేలు పెట్టి చూస్తుంటే నాకు సిగ్గేసింది. ఇదా నెల రోజులుగా నేను గొంతు సవరింపు అనుకున్నది. కొత్త చైన్ బజారులో తొంభై రూపాయలకు దొరికింది. దిండు మాత్రం ఎక్కడా లేదు. ఉస్తాద్ తన షెడ్డు వెనక పడి ఉన్న పాత ఇంజన్‌లోంచి అరగని దాన్ని తీసి బిగించాడు. రెండు చక్రాల మీద చెరో చుక్క ఉంటుంది. చైన్ ఎక్కించేటప్పుడు ఆ రెండూ ఎదురెదురుగా రావాలి, ఒక్క పన్ను తప్పినా బండికి దమ్ముండదు. నన్ను కూడా చూడమని పక్కకు జరిగాడు. మూతకూ ఇంజన్‌కూ మధ్య వేసే అట్టను పాత క్యాలెండర్ వెనకవైపు నుంచి కోశాడు.

నాలుగు దాటాక స్టార్ట్ చేస్తే గరగర లేదు. ఇంజన్ తిరుగుతోందా లేదా అని నేను వంగి చూశాను. మజూరీ నలభై తీసుకుని ఉస్తాద్ బండి ఎక్కాడు. పని చేసిన బండిలో కొంత దూరం కూర్చుని వెళ్లందే ఆయన ఏ బండినీ వదలడట. మొగులమ్మ పిల్లల్ని ఉంచినందుకు ఏమీ తీసుకోనంది. "బతికితే ఒక పుంజు తెచ్చియ్యి" అని పెట్టెలు అందించింది.

ఉస్తాద్ బీదర్ రోడ్డు మీద ఐదారు కిలోమీటర్లు వచ్చి, "పో, ఫికర్ చెయ్యకు" అని దిగి, ఎదురొచ్చిన లారీ ఎక్కి వెనక్కి పోయాడు. నేను ఒక్కణ్ణే మిగిలాను. చైన్ చప్పుడు లేని బండిలో గాలి చప్పుడు కూడా వినబడుతోంది. అప్పుడు గమనించాను, పెట్టెల్లోంచి ఏ చప్పుడూ లేదు.

మొగులమ్మ మాట గుర్తొచ్చింది. తాడిపత్రి కూడా గుర్తొచ్చింది. ఏది నిజమో తెలియదు. కందిచేల పక్కన బండి ఆపి, ఇంజన్ కట్టేశాను. మొదటి పెట్టె కన్నంలో వేలు పెట్టాను. ఏమీ లేదు. ఇంకాస్త లోపలికి పెట్టాను. మెత్తగా, వెచ్చగా ఏదో తగిలింది, తర్వాత సూదిలా ఒక పోటు. పొడిచింది. రెండో పెట్టెలో వెంటనే పొడిచింది. మూడో పెట్టెలో ఎంతసేపు పెట్టినా పలకలేదు. పెట్టె మీద వేలితో కొట్టాను. అప్పుడు వందా ఒక్కసారి లేచి కిచకిచమని నా మీద విరుచుకుపడ్డాయి. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఎవరూ చూడలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఐదున్నరకు, ఇంకా వెలుగు ఉండగానే, షెడ్డు ముందు ఆగాను. అక్క పెట్టె మూత ఎత్తి చూసింది. మూడొందల్లో ఆరు పోయాయి. ఆమె ఒక్కొక్క పిల్లనూ తీసి ముక్కు నీళ్లలో ముంచి వదులుతుంటే బావ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఆయన పక్కన గోడకు కొత్తగా చెక్కిన రెండు తుమ్మ గుంజలు ఆనించి ఉన్నాయి, ఎడ్లను కట్టేవి. మధ్యాహ్నం దాటినా నేను రాకపోయేసరికి చెక్కి పెట్టుకున్నట్టున్నాడు. షెడ్డు మధ్యలో బొగ్గుల పొయ్యి రాజుకోక పొగ కక్కుతోంది. బావ కాసేపు ఆ పొగను చూసి, లోపలికి పోయి గొడ్డలి తెచ్చాడు. రెండు గుంజలనూ నిలువునా చీల్చి పొయ్యిలో పెట్టాడు. "సలిగున్నది, పిల్లలకు," అని మాత్రం అన్నాడు.

ఆ తర్వాత ఆ దారిలో ఎన్నోసార్లు తిరిగాను. మొగులమ్మకు పుంజును ఇచ్చాను, ఉస్తాద్‌కు ఒకటి వద్దంటున్నా ఇచ్చాను. ఇంజన్ల గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆ పూట నేర్చుకున్నవే. చప్పుడు పోతే బాగైపోయిందని అనుకోవడం నా పాత అలవాటు. దానివల్ల ఒకసారి అక్క కోళ్లు పోయాయి, ఇంకో నెల ఆగితే బండీ పోయేది. ఇప్పటికీ ఏదైనా ఉన్నట్టుండి నిశ్శబ్దంగా మారితే నేను ఆగి చూస్తాను, ఇంట్లోనైనా సరే.

ఈ దారిలో పాత బండితో వెళ్లాలనుకునేవారికి ఒక్కటే సూచన. బయలుదేరే ముందు, రాత్రంతా చల్లారిన ఇంజన్‌ను తెల్లవారి స్టార్ట్ చేసి మొదటి పది లెక్కలూ బానెట్ ఎత్తి వినండి. ముందు భాగంలో గరగర వచ్చి వేడెక్కగానే పోతే ఆ రోజే మెకానిక్‌కు చూపించండి. బండిలో ప్రాణమున్నదేదైనా ఉంటే, మెకానిక్ కంటే ముందు పొయ్యి ఎక్కడుందో కనుక్కోండి.