ఎడమ భుజం తంబుర

సిద్దిపేటలో తంబురలు చేసే రాజమల్లయ్య కొలతబద్ద వాడేవాడు కాదు. వచ్చినవాళ్ల భుజం మీద చేయి వేసి, వేళ్లు పట్టుకుని చూసి కర్ర ఎంచుకునేవాడు. పందొమ్మిదివందల నలభై మూడులో వానలు వెలిశాక కుకునూరుపల్లి నుంచి గీత కార్మికుడు ముత్తయ్య వచ్చాడు. భజనల్లో పేరున్న గొంతు అతనిది. తాటిచెట్టు మీది నుంచి పడి కుడిచేయి చచ్చుబడ్డాక పాట మానేశాడు. "ఎడమ చేతికి తంబుర చేస్తవా మల్లన్నా? అది లేంది నాకు నోరు పెగలదు" అని తల వంచుకుని అడిగాడు. రాజమల్లయ్య అతని ఎడమ వేళ్లు నిమిరి, సరేనన్నాడు.

మరునాటి నుంచి రాజమల్లయ్య ఎడమ చేత్తో అన్నం తినసాగాడు. "గా చేత్తోని బువ్వ తినుడేంది? నలుగురు జూస్తే ఏమంటరు?" అంది భార్య భారతమ్మ. "ముత్తన్న రోజు గిట్లనే తింటుండు గద. ఆ చేతికి ఏం చాతనైతదో నాకు తెల్వాలె" అన్నాడతను, మెతుకులు ఒడిలో రాలుతుండగా. మూడోరోజు నుంచి భారతమ్మే అతని కంచంలో ముద్దలు కలిపి పెట్టసాగింది. ఎడమ చేయి ఎంత తొందరగా అలుస్తుందో అతనికి తెలిసింది. తంబుర మెడకర్ర అయిన దండిని సన్నగా చెక్కాడు, తీగలు వేళ్లకు సులువుగా అందేలా కిందికి దించాడు, ఎండిన ఆనపకాయ బుర్రల్లో తేలికైనది ఏరాడు. పని పూర్తయ్యాక ముత్తయ్య వచ్చి తంబురను ఎడమ భుజానికి ఆనించి మీటాడు. శ్రుతి పలికింది గానీ మొదటి మాట దాటి పాట సాగలేదు. రాజమల్లయ్య అటు చూడకుండా చీపురు అందుకుని, "తొందరేం లేదు ముత్తన్నా, మీటుకుంట ఉండు" అంటూ చెక్కపొట్టు ఊడవసాగాడు. పొట్టంతా పోయాక, ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తుండగా పాట మొదలైంది.