కాకి తన్నిన పొద్దు

మా పెరట్లోకి వసంతం వచ్చిందని పంచాంగం చూసి తెలుసుకోవలసిన పని ఉండేది కాదు. ముందు తొండ మెడ ఎర్రబడేది. అది బావిగట్టు మీద కూర్చొని, పెళ్ళిచూపుల్లో అన్నిటికీ ఒప్పుకొనేవాడిలా తల ఊపుతూ ఉండేది. తర్వాత యాపచెట్టు పూతకొచ్చేది. ఉడతలు అమ్మ ఆరేసిన చీరల అంచుల్లోంచి దారాలు లాక్కుపోయేవి. తేనెపిట్టలు అరటిపువ్వు దగ్గర తలకిందులుగా వేలాడేవి. అన్నిటికంటే చివర కోయిల. కోయిల పాట తియ్యన అని చెప్పినవాళ్ళెవరూ దాని చెట్టుకింద పడుకొని ఉండరు.

ఇవన్నీ చూడటం నాకు నేర్పింది అవ్వ, మా నాయన తల్లి. పొద్దున్నే వెనక తిన్నె మీద చాట పెట్టుకొని బియ్యంలో రాళ్ళు ఏరేది. చేతులు చాటలో, కళ్ళు చెట్టు మీద. అందుకే మా ఇంట్లో అన్నం తినేటప్పుడు పళ్ళు జాగ్రత్త.

"ఆ నల్లోడు కూస్తా ఉండాడే, వాడు ఊరికే," అనేది. "వాడి పెండ్లాన్ని జూడు, ఆ కొమ్మ ఎనకాల. నోరు మూసుకోని, ఒళ్ళంతా చుక్కలేసుకోని. పనంతా దాందే."

"ఏం పని అవ్వా?"

"కాకి గూట్లో గుడ్డు పెట్టేది. మొగోడు ఇటుపక్క అరిచి కాకుల్ని ఎంట తిప్పుకుంటాడు. ఆ సందులో ఇది దూరి పెట్టేసి వచ్చేస్తాది."

"దొంగ ఇంట్లో దూరి ఏమీ ఎత్తుకుపోకుండా, ఇంకొకటి పెట్టి రావడం ఇప్పుడే వింటున్నా."

"నీ నోటికి రెండు కుట్లెయ్యాల," అనేది అవ్వ.

ఆ ఏడు మిల్లులో పని ఆగిపోయి నేను కూడా ఆ తిన్నె మీదికే చేరాను. కాకులు అప్పుడే యాపచెట్టు మీద గూడు ముగించాయి. పుల్లలు పైపైకి. అసలు గట్టిదనమంతా తీగలది. కాలవకు అవతల తెల్లదొరలు తాగి పారేసే సీసాల మూతులకు సన్న తీగ చుట్టి ఉంటుంది. మా కాకులు వాటిని ఏరుకొచ్చి అల్లాయి. ఫ్రెంచి దొరతనం మా వీధికి ఇచ్చిన కట్టడం ఇదొక్కటే అని నేనంటే, నాయన అటూ ఇటూ చూసి "మెల్లగా" అన్నాడు. ఆయనది రేవులో సర్కారు కొలువు. ఇంట్లో తుమ్మాలన్నా గవర్నరు ఏమనుకుంటాడో అని ఆలోచించే మనిషి.

ఉగాది ముందురోజు పొద్దున అవ్వ పచ్చడికి యాపపువ్వు ఏరుకొద్దామని చాట తీసుకొని చెట్టుకిందికి పోయింది. ఆడకాకి గూట్లో పొదుగుతూ ఉంది. మగకాకి పై కొమ్మమీద మెడ ఒక పక్కకు వంచి చూస్తూ ఉంది. అది అరవలేదు. అరిచివుంటే నేను చెప్పేవాణ్ణి. రెక్కలు ముడుచుకొని రాయిలా దిగి, రెండు కాళ్ళతో అవ్వ నడినెత్తిన తన్ని, మళ్ళీ కొమ్మెక్కి కూర్చుంది.

చాట కిందపడింది. ఏరిన పువ్వంతా మట్టిపాలు.

నేను నవ్వాను. "అవ్వా, ఇంటి పన్ను కట్టలేదని దొర బంట్రోతును పంపినాడు," అన్నాను. అవ్వ నెత్తిమీద చెయ్యి పెట్టుకొని అక్కడే నిలబడిపోయింది. ముఖం చూశాక నేను వంగి చాట తీశాను.

అమ్మ వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది. "ఏమైంది అత్తా?"

"కాకి తన్నింది," అంది అవ్వ.

గరిటె ఎత్తిన చోటే ఆగిపోయింది.

తెలియనివాళ్ళకు చెప్పాలి. మా వాళ్ళలో కాకి తలమీద తన్నిందంటే చావు వీధి మలుపు తిరిగినట్టే. దానికి విరుగుడు ఒకటే. తన్నించుకున్న మనిషి చచ్చిపోయిందని రక్తసంబంధీకులకు అబద్ధపు కబురు పంపాలి. వాళ్ళు నిజమనుకొని ఏడవాలి, అదీ పొద్దు గుంకేలోపల. ఏడుపు అయిపోతే చావు వచ్చి పోయినట్టు లెక్క. ఆ తర్వాత నిజం చెప్పి తిట్లు తినవచ్చు. యముడి కచ్చేరీ కూడా మన సర్కారు కచ్చేరీ లాంటిదే కాబోలు, ఏడుపు వినబడితే చాలు, పని జరిగిపోయిందని రాసుకుంటారు.

"మీ కూతురికి చెప్పి పంపుదాం," అంది అమ్మ.

"అది పక్కింట్లో చెంబు కిందపడినా ఏడుస్తాది. దాని ఏడుపు చెల్లదు. పుట్టింటోళ్ళు ఏడవాల."

అవ్వ పుట్టింట మిగిలింది ఒక్క తమ్ముడు. విల్లియనూరులో సేద్యం. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. తల్లిలేని వాణ్ణి అవ్వే పెంచింది. అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకొని మాత్రం చాలా ఏళ్ళయింది.

కారణం ఒక బుట్ట. మా అత్త, అంటే అవ్వ కూతురి పెళ్ళిలో, పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకొచ్చే హక్కు మేనమామగా ఆయనది. మా అత్త చిన్నప్పటినుంచి నెయ్యి తిన్న మనిషి. ఆయన బుట్ట ఎత్తి రెండడుగులు వేశాడో లేదో అవ్వ పందిరంతా వినబడేట్టు, "వాడివల్ల కాదు, ఇంకెవరన్నా ఒక చెయ్యి ఎయ్యండిరా!" అని కేకేసింది. ఎవడో పరిగెత్తి చెయ్యి వేశాడు. ఆయన బుట్టను పీట దాకా తెచ్చి దించి, అన్నం తినకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు.

నాయన అప్పటికే రేవుకు పోయాడు. ఇంట్లో ఖాళీగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

"నేను చెప్తే ఎవరు నమ్ముతారమ్మా?" అన్నాను. "నేను తలనొప్పి అన్నా మందివ్వకుండా నవ్వుతారు మీరు."

"ఈ ఒక్క దినం మూతి బిగించుకోరా," అంది అమ్మ.

అవ్వ మంచమెక్కింది. పగటిపూట అవ్వ నడుం వాల్చడం నేను ఎప్పుడూ చూడలేదు. "ఏడ్చినంక నిజం చెప్పెయ్," అంది. "ఏడవక ముందు చెప్పినావంటే నేను పోయినట్టే." చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. అప్పటిదాకా ఇది నాకు వేడుకే. ఆ చెయ్యి ముట్టుకున్నాక కాదు.

రైలెక్కి విల్లియనూరులో దిగాను. అవ్వ తమ్ముడు, నాకు తాత, జొన్నచేలో మంచె మీద ఉన్నాడు, చేతిలో వడిసెల. రామచిలకలు గుంపుగా వచ్చి కంకుల మీద వాలుతున్నాయి. ఆయన రాయి పెట్టి తిప్పి వదిలితే పచ్చటి దుప్పటి ఎవరో దులిపినట్టు ఒక్కసారి లేస్తున్నాయి. ఆ వయసులోనూ దండలు తాటిమొద్దుల్లా ఉన్నాయి. అవ్వ ఆ రోజు ఏం చూసి అలా కేకేసిందో నాకు అర్థం కాలేదు.

"ఏంరా, నువ్వా?" అన్నాడు.

దారంతా ముఖానికి నేర్పుకుంటూ వచ్చాను. "తాతా, అవ్వ పోయింది," అన్నాను.

"యాడికి?"

నా జన్మలో నవ్వు ఆపుకోవడానికి అంత కష్టపడింది లేదు. చెంప లోపల కొరుక్కున్నాను. "యాడికీ కాదు తాతా. పోయింది. పొద్దున."

ఆయన వడిసెలలో ఇంకో రాయి పెట్టాడు. తిప్పాడు. వదిలాడు. చిలకలు లేచాయి. అవి చేను దాటి కనపడకుండా పోయేదాకా వాటినే చూశాడు. నేను ఆయన కళ్ళనే చూశాను, పెరట్లో గూటిని చూసినట్టు, రెప్ప వెయ్యకుండా. తడి లేదు.

"సరే," అన్నాడు. "ఉండు."

మంచె దిగి తాటితోపు వైపు నడిచాడు. తోపులోకి పోయినవాడు రాలేదు. నేను గట్టుమీద కూర్చున్నాను. ఇదే సందని చిలకలు మళ్ళీ వచ్చి కంకులన్నీ గీకుతున్నాయి. "తాతా!" అని అరిచాను. తోపు పలకలేదు. వెతికాను, అటు దారి పట్టి ఎటో పోయినట్టున్నాడు. నేను నిజం చెప్పాలంటే ముందు ఆయన ఏడవాలి, ఏడవాలంటే ఆయన ఉండాలి. పొద్దు నడినెత్తి దాటింది. రైలు కూత వినబడితే పరిగెత్తాను.

ఇంటికి వచ్చేసరికి అవ్వ మంచాన్ని అమ్మ పెరటి కిటికీ పక్కకు జరిపింది. గంజి పోసిన గిన్నె పోసినట్టే ఉంది.

"ఏడ్చినాడా?" అంది అవ్వ.

రైల్లో నేను మంచి అబద్ధం ఒకటి తయారుచేశాను. అందులో ఆయన గుండెలు బాదుకొని చేలో పొర్లాడాడు. కానీ ఆ చల్లటి చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"లేదవ్వా. రాయి విసిరినాడు."

"నీమీదనా?"

"చిలకలమీద."

అవ్వ చెయ్యి వదిలేసింది. "వాడు ఏడవడు. ఆ దినం బుట్ట కాడ నా నోరు పడిపోయింటే బాగుండు," అని గోడ వైపు తిరిగింది.

అమ్మ నన్ను వంటింట్లోకి లాగింది. "దినమంతా అబద్ధాలాడతావే, ఏడ్చినాడని ఒక ముక్క చెప్తే ఏం పోయింది నీకు?"

"నేను చెప్తే అవ్వ నమ్మచ్చు. యముడు నమ్మొద్దా?"

నోరు జారిన పరిహాసమే గాని, అమ్మ దానికి తల ఊపింది. అప్పుడు నాకు భయం వేసింది.

కోయిల మొదలుపెట్టింది, మగది. కాకులు రెండూ దాని వెంట పడి తిరిగి వచ్చాయి. యాప మానుమీద ఎండ మెల్లగా పైకి పాకుతూ ఉంది. కింది కొమ్మ దాటింది. అది గూటిని కూడా దాటిందంటే ఇక పొద్దు లేదు. "అవ్వా, చుక్కలది వచ్చింది, చూడు," అన్నాను. నిజంగానే ఆకుల చాటున కూర్చొని ఉంది. అవ్వ తిరగలేదు. కోయిల వచ్చిందంటే గంజి వార్చే చేత్తో వచ్చి చూసే మనిషి, కళ్ళు తెరవలేదు. ఊపిరి చిన్నగా, దూరంగా ఉంది. అమ్మ దీపం పెట్టబోయింది.

"పెట్టొద్దమ్మా," అన్నాను. "ఇంకా ఎండుంది."

అప్పుడు పెరట్లోంచి ఒక కేక. "థూ, నీ వంశం నాశనం గాను!"

అవ్వ కళ్ళు తెరిచింది. "నా తమ్ముడు," అంది. అని, ఎవరూ పట్టుకోకుండానే లేచి వెనక వాకిలికి నడిచింది.

యాపచెట్టు కింద తాత. తలపాగా నేలమీద. ఒక చేత్తో చంకలోని మడత చీరను అదుముకొని, ఇంకో చేత్తో పైగుడ్డను వడిసెలలా తిప్పుతున్నాడు. పైన కాకులు గోల. వీధిలో డప్పు లేదు, వాకిట నిప్పు లేదు, శవాన్ని ఎత్తుకుపోయినట్టున్నారని ఆయన సందులోంచి పెరట్లోకి వచ్చాడట. ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు కడసారి చీర తేవాలి. అంగళ్ళు తిరిగి దాన్ని తెచ్చేసరికి ఇంత పొద్దయింది.

ఆయన గడపలో నిలబడ్డ అక్కను చూశాడు. తర్వాత నన్ను.

"ఒరే, ఇది పోయిందంటివే!"

"యాడికి అని నువ్వు అడిగితివి కదా తాతా. ఇదిగో, ఈ గడప దాకా."

"కాకి తన్నిందిరా నన్ను పొద్దున," అంది అవ్వ. "అందుకే కబురంపితి. నువ్వు ఏడ్చినావా లేదా?"

"నేనేల ఏడుస్తా?"

"కండ్లు చింతనిప్పుల్లా ఉండాయే?"

"ఎండ. దుమ్ము." తిన్నెమీద కూలబడ్డాడు. "తోపులో... యీ ఎగతాళోడి ముందర ఏడుస్తానా నేను?"

అవ్వ గోడకు ఆనుకొని ఊపిరి వదిలింది, పొద్దుటినుంచి పట్టుకున్నదంతా. అంతలో అమ్మ నేలమీది తలపాగా చూసి మెల్లగా, "మామకూ కాకి తన్నింది కదా," అంది.

అందరం పైకి చూశాం. ఎండ గూటి అంచు మీద వెలక్కాయంత ఉంది. తాత చెయ్యి నెత్తిమీదికి పోయింది. "నాకెవురుండారు ఏడ్చేదానికి?" అన్నాడు.

ఉన్నది ఒక్క మనిషి, ఆ మనిషి ఆయన్ని కళ్ళారా చూస్తూ ఉంది. అయినా చావు కబుర్లలో అప్పటికి నాకు అనుభవం వచ్చింది. గొంతు సవరించుకొని, "అవ్వా, విల్లియనూరు నుంచి కబురొచ్చింది. నీ తమ్ముడు పోయినాడు," అన్నాను.

"నవ్వకుండా చెప్పు," అన్నాడు తాత.

నేను నవ్వలేదు. అవ్వ ఆయన్ని ఒకసారి, నెత్తినుంచి పాదం దాకా చూసింది. కాళ్ళు బారచాపి కూర్చుంది. ఎత్తుకుంది శోకం.

"ఒంటిగా బుట్ట మోసిన నా తమ్ముడా! ఇంకో చెయ్యి ఏనాడూ అక్కరలేని నా భీముడా! వద్దన్నా చెయ్యేసినోడి చెయ్యి పడిపోనూ, ఆ మాటన్న నా నోట్లో మన్ను పడనూ! అన్నం తినకుండా పోయినావే నాయనా, ఆ అన్నం ఇంకా నా గొంతులోనే ఉందే!"

కన్నీళ్ళు నిజమైనవి, ధారగా. తాత తలవంచుకొని తన చావును తానే వింటూ కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. పక్కింటావిడ గోడమీదినుంచి తొంగిచూసి, "అయ్యో పావం, ఎవురు పోయింది?" అంది.

"ఈయనే," అని చూపించాను. "ఇప్పుడు కొంచెం మేలు."

"దాన్ని ఆపనీకండి," అన్నాడు తాత ముక్కు చీదుతూ. "ఇంకా ఎండుంది."

కాకులు రెండూ గూడు వదిలి గోడమీద కూర్చొని మమ్మల్ని తిడుతున్నాయి. అవ్వ శోకం మధ్యలో ఠక్కున ఆగింది. తడి కళ్ళతోనే చెయ్యెత్తి చూపించింది. "అదిగో, అదిగో చూడండి, చుక్కలది. పెట్టేసి పోతా ఉంది!" ఆడకోయిల గూటి అంచునుంచి జారి ఆకుల్లోకి పోయింది. అవ్వ చెంగుతో ముఖం తుడుచుకొని, "నా తమ్ముడా," అని వదిలిన చోటే అందుకుంది.

గూటిమీద ఎండ పోయింది. అమ్మ దీపం పెట్టింది. అవ్వ శోకం చాలించి, చెయ్యి చాచి చీర అడిగింది. మడత విప్పి దీపం దగ్గర పట్టుకొని అటూ ఇటూ తిప్పింది.

"ఈ బూడిద రంగేందిరా?"

"నువ్వు చూస్తావనుకోలేదక్కా," అన్నాడు తాత.